మూరెడు ఇటుక, నీలం బోర్డు
– పల్నాటి పాంథుడు

కృష్ణ ఒడ్డు మిరప చేలో ట్రాక్టరు నాగలికి పాత స్తూపాల నాటి మూరెడు పొడవు ఇటుక తగిలిందనుకోండి. ఆ రైతు ఏం చేస్తాడో పల్నాటి అచ్చంపేట సెంటర్లో టీ తాగుతున్న ఎవర్నడిగినా దాచకుండా చెబుతారు. గట్టులోకి తోసి మట్టి కప్పేస్తాడు. మరీ నున్నగా ఉంటే ఇంటికి తెచ్చి గాబు పక్కన వేస్తాడు, బట్టలుతుక్కోడానికి పనికొస్తుంది. ఎమ్మార్వోకి మాత్రం చెప్పడు. "చెబితే ఆర్కియాలజీ వాళ్ళొచ్చి తీగ కడతారు, పొలం పోద్ది" అని భయం.

ఆ భయం ఉత్తిదేం కాదు. పురాతన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ తర్వాత కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం. ఆ పైన మరో 200 మీటర్లు అనుమతి ఉంటేనే. ఇల్లు పడగొట్టి కొత్తది కట్టుకోవాలన్నా కాగితాలు పట్టుకుని తిరగాలి. 1878 నాటి నిధుల చట్టం భూమిలో దొరికిన సొత్తు గురించి కలెక్టరుకు చెప్పినవాడికి వాటా రాసింది. మూరెడు ఇటుకలో వాటా ఎవడిక్కావాలి? గుప్తనిధుల కోసం అర్ధరాత్రి నంది పొట్ట పగలగొట్టేవాడి ఆశంతా ఎటూ బంగారం మీదే. మధ్యలో నలిగేది ఇటుక.

అయినా చెప్పినవాళ్ళున్నారు. 1926లో మాచర్ల వైపు సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు పాత స్తంభం చూసి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. శాసనశాఖ నుంచి సరస్వతి అనే ఉద్యోగి వచ్చి చూశారు. మరుసటేడు పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వకం మొదలుపెట్టాడు. ఇక్ష్వాకుల విజయపురి, నాగార్జునకొండ, అట్లా లోకానికి దొరికాయి. 1955లో సాగర్ డ్యాముకు శంకుస్థాపన జరిగింది. లోయ మునుగుతుందని అదే శాఖకు చెందిన సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1960 దాకా మళ్ళీ తవ్వారు. కట్టడాలు కొన్నిటిని కొండ మీదికీ అనుపుకూ తరలించారు. పని గొప్పది, కాదనను. కానీ ఆ చరిత్రలో బడిపంతులు ఒక వాక్యం, పలుగూ పారా పట్టినవాళ్ళు "కూలీలు". లోయలోంచి ఊళ్ళు లేచిపోయాయి. ఇప్పుడా కొండ చూడాలంటే పల్నాటివాడైనా విజయపురి సౌత్‌లో లాంచీ టికెట్టు కొనుక్కోవాల్సిందే.

"మీకు తెలీదు, మేం కాపాడతాం" అన్నవాళ్ళు ఎంత కాపాడారో అమరావతి చెబుతుంది. 1797లో ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ అక్కడి స్తూపం ఉన్న దీపాలదిన్నె చూశాడు. ఆ తర్వాత వందేళ్ళలో శిల్పాలు మద్రాసుకూ లండనుకూ తరలిపోయాయి. మనవాళ్ళేం తక్కువ తినలేదు. మెకంజీ రాకముందే ఆ ప్రాంతపు జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు మనుషులు రాయి కోసం ఆ దిన్నెను తవ్వారు. సున్నపురాతి పలకల్ని కట్టడాలకు వాడుకున్నారు. ఊరివాడైతే చాలు కాపాడతాడనుకోవడం కూడా భ్రమే. ఆ రాయితో సంబంధం ఉన్నవాడు కాపాడతాడు.

అదెట్లా ఉంటుందో చూడాలంటే కార్తీక అమావాస్యకు కారెంపూడి రండి. నాగులేటి ఒడ్డున వీర్లగుడి. ఎక్కడెక్కడి ఊళ్ళ నుంచో ఆచారవంతులు వీరుల ఆయుధాలైన కొణతాలు భుజాన పెట్టుకుని వస్తారు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, ఐదు రోజులు. మందపోరు నాడు చాపకూడు, కులం అడక్కుండా ఒకే చాప మీద భోజనం. 12వ శతాబ్దపు పల్నాటి యుద్ధాన్ని పాడేది వీరవిద్యావంతులు, ఎక్కువగా మాలలు. బ్రహ్మనాయుడి సేనాని కన్నమదాసుదీ ఆ కులమే. అమెరికా నుంచి వచ్చిన జీన్ రోఘెయిర్ ఆ పాట రికార్డు చేసుకుని 1982లో ఇంగ్లీషులో పుస్తకమేశాడు. ఏ శాఖా బడ్జెట్టు ఇవ్వకముందు నుంచే అక్కడి రాళ్ళకు పసుపు కుంకుమ అందుతున్నాయి. పురావస్తు నిపుణుడు అక్కడికొస్తే పసుపు, నూనె, ఎనామిల్ పెయింటు చూసి తల పట్టుకుంటాడు. ఎనామిల్ విషయంలో నేనూ ఆయన పక్షమే. కానీ పసుపు మానమంటే ఆ రాయిని పట్టించుకునేవాడు మిగలడు. ఈ తగువు అక్కడి ఆచారవంతులతో కూర్చుని తేల్చుకోవాల్సింది, పురావస్తు శాఖ నీలం బోర్డు మీద రాసి తేల్చేది కాదు.

నాగార్జునకొండలోనూ వీరులకు నిలిపిన ఛాయాస్తంభాలున్నాయి, పనివాళ్ళ పెద్దకు నిలిపినది కూడా ఉంది. కారెంపూడి రాళ్ళకంటే ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళు పెద్దవి అవి. వాటికి నంబరుంది, నీడ ఉంది, కాపలా ఉంది. కార్తీకం లేదు.

సంరక్షణలో స్థానికుల్ని కలుపుకోవడం మన సర్కారుకు తెలియని విద్యేమీ కాదు. నల్లమల పులుల అభయారణ్యంలో అటవీశాఖ చెంచు యువకుల్నే బేస్ క్యాంపుల్లో కాపలాకు పెట్టుకుంది. అడుగుజాడ చూసి పులి ఎటు పోయిందో చెప్పగలవాడు వాళ్ళకంటే ఎవడున్నాడు? ఇంకో అచ్చంపేట ఉంది, నాగర్‌కర్నూల్ జిల్లాది. ఆ వైపు అడవిలోని సలేశ్వరంలో చైత్ర పున్నమి జాతరకు పూజారులు చెంచులే. 2006 అటవీ హక్కుల చట్టం కూడా ఆదివాసీ సాంస్కృతిక వారసత్వాన్ని దెబ్బతీసే పనుల్ని అడ్డుకునే అధికారం గ్రామసభకిచ్చింది. పులిని చెంచులకప్పగించిన సర్కారు స్తూపం దగ్గరికొచ్చేసరికి సుగాలీల్ని, యానాదుల్ని, మాలల్ని ఎందుకు నమ్మదు?

ఆస్ట్రేలియా 1985లో ఉలూరు కొండను అనంగు ఆదివాసులకు తిరిగిచ్చి, వాళ్ళ దగ్గరే 99 ఏళ్ళకు లీజుకు తీసుకుంది. పాలకమండలిలో ఎక్కువమంది అనంగులే. కొండెక్కడం మా ధర్మానికి తప్పు అని వాళ్ళు దశాబ్దాలపాటు చెబితే, 2019 అక్టోబరులో ఎక్కడం ఆగింది. ఆలస్యమే, కానీ జరిగింది. మన ప్రకాశం జిల్లా చందవరం స్తూపం నుంచి దొంగలెత్తుకుపోయిన 3వ శతాబ్దపు శిల్పం చేరిందీ అదే దేశానికి. వాళ్ళ జాతీయ గ్యాలరీ 2005లో కొని, దొంగసొత్తని తేలాక 2016లో తిరిగిచ్చింది. చందవరంలో నీలం బోర్డు రాయిని కాపాడలేకపోయింది.

భాగస్వామ్యం అనగానే ఒక కమిటీ వేసి, సర్పంచిని అధ్యక్షుణ్ణి చేసి, ఊరి మోతుబరుల్ని నలుగుర్ని కూర్చోబెట్టి ఫొటో తీయించుకోవడం మనకలవాటు. అట్లాంటిది వద్దు. తండా నుంచి ఇద్దరు, యానాది కాలనీ నుంచి ఒకరు, పాటగాళ్ళ ఇంటి నుంచి ఒకరు ఉండాలి. కాపలాకు నెలజీతం, టికెట్టు డబ్బులో ఊరి వాటా, తవ్వకం మొదలయ్యే ముందు వాళ్ళ సమ్మతి ఉండాలి. దొరికిన వస్తువు కనీసం జిల్లా దాటకూడదు. ఇటుక చూపించిన రైతుకు పంట నష్టం ఆ సీజన్లోనే చెల్లిస్తే, గట్ల కింద ఉన్నవి వాటంతటవే బయటికొస్తాయి.

ఇవన్నీ కావాలంటే చట్టంలో చోటుండాలి. 1958 నాటి ఆ పురాతన కట్టడాల చట్టం ఒక కట్టడాన్ని రక్షితమని ప్రకటించే ముందు రెండు నెలల గడువిచ్చి అభ్యంతరాలు అడుగుతుంది, అక్కడ ఊరివాడి నోటికి ఒక అవకాశం ఉంది. కట్టడం చుట్టూ ఏం కట్టొచ్చో చెప్పే నిబంధనలు రాసేటప్పుడు ఎవర్ని సంప్రదించాలో 2010లో చేర్చిన 20ఇ సెక్షన్ చెబుతుంది: వారసత్వ సంపద ట్రస్టు ఇంటాక్‌ను, లేదా మరో నిపుణుల సంస్థను. ఆ రాయి పక్కన పుట్టి పెరిగినవాళ్ళ ఊసే అందులో లేదు. పల్నాడు నుంచి పార్లమెంటులో కూర్చున్నవాళ్ళు ఆ సెక్షన్లో ఇంటాక్ పక్కన "గ్రామసభ" అని చేర్పించండి. ఖర్చు లేని సవరణ ఇది, అడగండి.