ఖాళీ డబ్బా వెల ఎవరు కడుతున్నారు?

శ్రీరామనవమి అయిన మర్నాడు భద్రాచలం గోదావరి ఒడ్డున నడిస్తే కాలికి డబ్బాలు తగులుతాయి. కూల్‌డ్రింకువి, బీరువి. వెనకాలే గోనెసంచి భుజాన వేసుకున్న మనుషులు వాటిని ఏరుతుంటారు. డెబ్బై ఐదు డబ్బాలకు పైగా ఏరితే గానీ కిలో తూగదు. ఒక్కో డబ్బా పదమూడు గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది.

మనం దాన్ని టిన్ను అంటాం గానీ అది అల్యూమినియం. ఇళ్లల్లో సిల్వర్ గిన్నెలంటామే, ఆ లోహమే. మన తెలుగు నేల మీదే, శ్రీసిటీలో బాల్ అనే అమెరికా కంపెనీకి ఈ డబ్బాల ఫ్యాక్టరీ ఉంది. పెద్ద చుట్టగా వచ్చిన రేకును గుండ్రంగా కోసి, గిన్నెలా నొక్కి, పలచగా సాగదీసి, కడిగి, రంగు అచ్చువేసి, లోపల పూత పూసి, మెడ నొక్కుతారు. మూత వేరే గట్టి రేకుతో చేస్తారు. నింపేది మాత్రం పానీయాల కంపెనీలే. గిరాకీ ఎంతుందంటే, డబ్బాలు చాలడం లేదు, దిగుమతికి నిబంధనలు సడలించండని 2025లో బీరు కంపెనీలు కేంద్రాన్ని అడిగాయి.

"దీంతో రైతుకేం పని?" అని మన సంఘం మీటింగులోనే ఒక తమ్ముడు అడిగాడు. పని ఉంది.

ఒక టన్ను అల్యూమినియం కావాలంటే సుమారు నాలుగు టన్నుల బాక్సైట్ తవ్వాలి. దాన్ని శుద్ధి చేస్తే ఎర్ర బురద మిగులుతుంది. అది ఘాటైన క్షారం, చేలో పడితే ఆ చేను చేను కాదు. తర్వాత లోహం తీయడానికి టన్నుకు 14,000 యూనిట్ల వరకు కరెంటు కావాలి. మన 5 హెచ్‌పీ మోటారు రోజుకు ఎనిమిది గంటల చొప్పున పదిహేను నెలలు నడిస్తే అంత కాలుతుంది. లెక్క చూస్తే ఐదు డబ్బాలకు దాదాపు ఒక యూనిట్. ఆ కరెంటు ఎక్కువగా బొగ్గుదే. బొగ్గంటే ఏమిటో కొత్తగూడెం, మణుగూరు పక్కన సేద్యం చేసేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

ఇక బాక్సైట్ ఎక్కడుంది? విశాఖ మన్యం గుట్టల మీద ఉంది. ఒకప్పుడు మన ఖమ్మం జిల్లాలో ఉన్న చింతూరు, కూనవరం 2014లో ఆంధ్రలో కలిశాయి. 2022లో కొత్త జిల్లాలు చేసినప్పుడు చింతపల్లి, జీకే వీధి బాక్సైట్ కొండలతో పాటే అల్లూరి జిల్లాలోకి వెళ్లాయి. అక్కడ గిరిజనులు కాఫీ, మిరియాలు పండించుకుంటున్నారు. కొండ తల కోస్తే ఊటలు ఎండుతాయి, తోట ఎండుతుంది.

వాళ్లు ఊరుకోలేదు. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు కంపెనీలకు గనుల లీజుకు ఇవ్వకూడదని 1997 జూలై 11న సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా 2015లో జెర్రెల అడవిలో తవ్వకానికి జీవో 97 వచ్చింది. ఊళ్లు కదిలాయి. 2019లో అది రద్దయింది. ఒడిశా నియమగిరిలో 2013లో పన్నెండు గ్రామసభలకు పన్నెండూ వద్దన్నాయి. కానీ గిరాకీ పెరిగినకొద్దీ ఏదో ఒక పేరుతో మళ్లీ కొండల వైపు చూస్తారు.

డబ్బాను ఎన్నిసార్లైనా కరిగించవచ్చు, కాబట్టి మేలైనదని కంపెనీలు అంటాయి. అబద్ధం కాదు. పాత డబ్బా కరిగిస్తే కొత్త లోహానికి పట్టే కరెంటులో నూటికి 95 వంతులు మిగులుతుంది. అయితే ఆ డబ్బాను తిరిగి తెచ్చేదెవరు? గోనెసంచి మనిషి. ఆయనకు జీతం లేదు, గుర్తింపు కార్డు లేదు. తూకంలో మోసం, ధరలో మోసం. పత్తి అమ్మిన మనకు ఆ బాధ కొత్తా?

ఫ్యాక్టరీ వద్దని నేననడం లేదు. అక్కడ పనిచేసేవాళ్లూ మన పిల్లలే. నేను అడిగేది మూడే. ఒకటి, ప్రతి డబ్బాపై డిపాజిట్ పెట్టి, తిరిగి ఇచ్చినవాళ్ల చేతిలో ఆ డబ్బు పెట్టాలి. జర్మనీలో 2003 నుంచి డబ్బాకు 25 సెంట్లు ఇస్తున్నారు. పక్కనే తమిళనాడు నీలగిరిలో 2022 నుంచి ఖాళీ మద్యం సీసాకు పది రూపాయలు ఇస్తున్నారు. మనకెందుకు చేతకాదు? రెండు, ఏరేవాళ్లకు కార్డు, సరైన తూకం, ప్రకటించిన ధర. ఆ ఖర్చు పానీయాల కంపెనీలే భరించాలి. మూడు, పెసా చట్టం, అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ వద్దన్న చోట పార కూడా దిగకూడదు.

ఈ మూడూ మండల మహాసభల్లో తీర్మానాలుగా పెడదాం. తాగేవాడు ఐదు నిమిషాల్లో తాగి పారేస్తాడు. దాని వెల కొండ మీద ఉన్నవాళ్లు తరతరాలు కట్టకూడదు.