రెండంగుళాల గొట్టం

“ఇంజనీరింగు మూడో ఏడు వెలగబెడుతూ పిల్లల నీళ్ళ తుపాకీ మీద వ్యాసమా? పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమా?” అని నవ్వే మిత్రులుంటారని నాకు తెలుసు. నవ్వండి, తప్పులేదు. కాని నవ్వేముందు ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పండి. మీ ఇంట్లో చెడిపోయిన వస్తువును మీ చేత్తో విప్పి చూసి ఎన్నాళ్ళయింది?

మొన్న వేసవి సెలవుల్లో అటక దులుపుతుంటే పాత నీళ్ళ తుపాకీ ఒకటి బయటపడింది. 1990లలో మా పెద్దతాతయ్య అమెరికా నుంచి మా చిన్నమామయ్య కోసం తెచ్చినది. మా అక్క కొడుకు దాన్ని చంకన పెట్టుకుని వదిలితేనా! నీళ్ళు పోసి పంపు కొట్టాడు. ముక్కులోంచి రావలసిన ధార పిడి కిందినుంచి బొటబొటా కారింది. “మామయ్యా, బాగుచెయ్యవూ? నువ్వు ఇంజనీరువి కదా!” అన్నాడు వాడు. ఆ మాట నాకు పరీక్ష హాల్లో ప్రశ్నపత్రం కంటే గట్టిగా తగిలింది.

ఇలాంటి తుపాకులకు మూలపురుషుడు లానీ జాన్సన్ అనే అమెరికన్ ఇంజనీరు. 1982లో ఆయన ఫ్రియాన్‌కు బదులు నీటితో పనిచేసే హీట్ పంపు కోసం ఇంట్లో ప్రయోగాలు చేస్తుంటే, గొట్టం చివరి నాజిల్‌లోంచి నీటిధార స్నానాలగదిలో రివ్వున దూసుకుపోయిందట. ఆ చూపులోంచి పుట్టిందే ‘సూపర్ సోకర్’. 1986లో పేటెంటు వచ్చింది. 1990లో వేరే పేరుతో అంగడికి వచ్చి, మరుసటి ఏడు ఈ పేరు పెట్టుకుంది. అంతకు చాలాముందే, 1968లో, అలబామాలో హైస్కూలు కుర్రాడిగా ఉన్నప్పుడే ఆయన పాత సామాన్లు ఏరుకొచ్చి గాలి ఒత్తిడితో కదిలే మరమనిషిని తయారుచేశాడు. నల్లవారికి గౌరవం దక్కని ఆ గడ్డమీద సైన్సు ప్రదర్శనలో మొదటి బహుమతి గెలిచాడు. పారేసిన వస్తువుల్లో పాఠం చదవగలిగినవాడు కనుకనే అంతవాడయ్యాడని నా అభిప్రాయం.

ఇక మా తుపాకీ సంగతి. స్క్రూలతో బిగించింది కనుక విప్పగలిగాను. లోపల పెద్ద మాయేమీ లేదు. పంపు కొడితే నీళ్ళు ఒక గదిలోకి చేరి అక్కడి గాలిని నొక్కుతాయి. వెనక్కి పోకుండా వాల్వు అడ్డుపడుతుంది. ట్రిగ్గరు దగ్గర రెండంగుళాల మెత్తని గొట్టాన్ని స్ప్రింగు నొక్కి పట్టి ఉంటుంది. ట్రిగ్గరు లాగితే గొట్టం తెరుచుకుని ధార దూకుతుంది. ఆ గొట్టమే పసుపురంగు తిరిగి, కట్టెలా బిగిసి, నొక్కుడుపడ్డ చోట పగిలింది. పీవీసీ గొట్టానికి మెత్తదనమిచ్చే ప్లాస్టిసైజరు ఏళ్ళు గడిచేకొద్దీ బయటికి ఊరిపోతుంది. ఈ విషయం మనం పాఠంలో చదివినదే, మార్కులకోసం రాసినదే!

నేను చేసిన ఘనకార్యం వినండి. కాలిపరు పెట్టి కొలతలు తీశాను. హార్డువేరు కొట్లో తాపీవాళ్ళు వాడే లెవెల్ పైపు ముక్క తెచ్చి బిగించాను. వ్యాసం సరిగ్గా సరిపోయింది, కాని నీళ్ళు ఆగలేదు. రెండు రోజులు తల బాదుకున్నాను. చివరికి వీధి చివర సైకిలు షాపు తాత దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కాలిపరు తియ్యలేదు. గొట్టాన్ని రెండు వేళ్ళమధ్య నొక్కి చూసి, “ఇది మొండిది బాబూ, నొక్కితే మూసుకోదు. మెత్తని రబ్బరు చూడు” అన్నాడు. అంతే! నేను కొలత చూశాను, ఆయన పని చూశాడు.

ప్రయోగశాల సామాన్లమ్మే కొట్లో అదే కొలత మెత్తని సిలికాన్ గొట్టం దొరికింది. పాతదాన్ని గుంజితే ప్లాస్టిక్ మూతి విరుగుతుందని బ్లేడుతో నిలువునా చీల్చి తీశాను. కొత్తది మడతపడకుండా పాత పొడవుకే కోసి, తడిచేసి తొడిగి, ప్లాస్టిక్ టై బిగించాను. తుపాకీ పలికింది! వాడు మొదట తడిపింది నన్నే.

“కొత్తది కొంటే పోలా?” అంటారు. పోతుంది, డబ్బుతోపాటు నేర్చుకునే అవకాశం కూడా పోతుంది. అన్నీ బాగుచెయ్యాలని నేననను. గాలి ఒత్తిడి నిలిచే గది పగిలితే జిగురు పూసి మళ్ళీ వాడటం ప్రమాదం, దాన్ని వదిలెయ్యాల్సిందే. కాని గొట్టం చిరిగితే తుపాకీనే పారెయ్యడం, చెప్పు తెగితే కాలు తీసేసుకోవడంలాంటిది కాదూ?

స్క్రూలు లేకుండా అతికించేసిన వస్తువులు మన చేతులు కట్టేస్తున్నాయి. మన ప్రభుత్వం 2022లో ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసింది, ఆ డిసెంబరులో పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. అయితే విప్పే చెయ్యే లేనప్పుడు హక్కు ఉండి ఏం లాభం?

అందుకే విద్యార్థి సంఘానికి నా మనవి ఒక్కటే. వర్క్‌షాపులో వారానికొక సాయంత్రం ఒక బల్ల ఇప్పించండి. ఎవరింట్లో చెడిన వస్తువు వాళ్ళు తెస్తారు. లెక్చరర్లు దారి చూపిస్తారు. సైకిలు షాపు తాతలాంటివాళ్ళను కూడా పిలుద్దాం, కుర్చీ వేసి కూర్చోబెడదాం. డిగ్రీ పట్టా గోడకు తగిలించుకోవచ్చు. కాని “నువ్వు ఇంజనీరువి కదా!” అని పసివాడు అడిగిన రోజున, జవాబు చెప్పాల్సింది ఆ పట్టా కాదు, మన చేతులు!