చిన్న అంకె చిన్నతనం కాదు

లారీ సైలెన్సరు మొదలు ఫ్యాక్టరీ పొగగొట్టం దాకా మనం గాలికి వదిలేస్తున్న వేడి అంతా ఇంతా కాదు. ఒక కొస వేడిగా, ఒక కొస చల్లగా ఉంటే ఆ తేడాతోనే విద్యుత్తు పుట్టించవచ్చు. 1821లోనే సీబెక్ ప్రయోగం ఈ దారి చూపింది. చిక్కల్లా పదార్థంతోనే. అది కరెంటును పోనివ్వాలి, వేడిని ఆపాలి! లోహాలు రెంటినీ పోనిస్తాయి. మామూలు ప్లాస్టిక్కు రెంటినీ ఆపేస్తుంది. బిస్మత్ టెల్యురైడు బాగానే పనిచేస్తుంది గాని, అది పెళుసు. పైగా టెల్యూరియం అరుదు.

కరెంటును పోనిచ్చే పాలిమర్లలో కార్బన్ నానోట్యూబులు కలపటం ఇక్కడే ఆశ కల్పిస్తున్నది. విడిగా చూస్తే నానోట్యూబు రాగికంటే బాగా వేడిని మోస్తుంది. మరి కలిపితే కొంప మునగదా? మునగలేదు! గొట్టమూ గొట్టమూ కలిసే చోట పాలిమరు అతుకుంటే ఎలక్ట్రాన్లు దాటిపోతాయి. వేడిని మోసే కంపనాలు చాలావరకు అక్కడే చిక్కుపడతాయి. 2010లో అమెరికాలోని టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయం వారు ఈ అతుకుకు తుమ్మజాతి జిగురైన గమ్ అరబిక్‌నూ, పెడాట్-పిఎస్‌ఎస్ అనే పాలిమరునూ వాడి పోల్చి చూశారు. జిగురు కరెంటుకు అడ్డు, పాలిమరు వంతెన. పాలిమరుతో విద్యుద్వాహకత మీటరుకు 40,000 సీమెన్సుల దాకా వెళ్ళింది. ఉష్ణవాహకత ప్లాస్టిక్కు స్థాయిలోనే ఉండిపోయింది.

అయినా, పదార్థం యోగ్యతను చెప్పే 'జడ్‌టి' అంకె వారి అంచనాలో 0.02 మాత్రమే. బిస్మత్ టెల్యురైడుకు అది సుమారు 1. ఈ దూరాన్ని ఒక్క గంతులో దాటాలనే ఆత్రంతోనే నాకు పేచీ. పలచని ఫిల్ములో నానోట్యూబులు చాపలో పుల్లల్లా పడుకొని ఉంటాయి. అందువల్ల ఫిల్ము పొడుగునా కరెంటూ ఎక్కువే, వేడీ ఎక్కువే. కరెంటును పొడుగునా కొలిచి, వేడిని మందం దిశలో కొలిచి, రెంటినీ ఒకే లెక్కలో వేస్తే జడ్‌టి ఊరికే ఉబ్బుతుంది. ఒకరి ఎత్తు, మరొకరి బరువు తీసుకుని ఒక మనిషిని వర్ణించినట్టన్నమాట!

ప్రాజెక్టు కోసం ఈ రంగంలోకి వెళ్ళే మిత్రులకు నా మనవి ఒకటే. సీబెక్ గుణకం, విద్యుద్వాహకత, ఉష్ణవాహకత - మూడూ ఒకే ఫిల్ము మీద, ఒకే దిశలో కొలవండి. పలచని ఫిల్ములో పొడుగునా ఉష్ణవాహకత కొలవటం కష్టమే, కాదనను. సాధనం లేకపోతే మొదటి రెండింటితో వచ్చే పవర్ ఫ్యాక్టరు వరకే రాసి ఊరుకోండి. జడ్‌టి జోలికి పోకండి. మన లెక్చరర్లు కూడా పెద్ద అంకెకు కాక, నికరమైన కొలతకు మార్కులు వేయాలి. రేపు మన అంకెను నమ్మి ఎవరో ఒక పరికరం కట్టుకుంటారు. అది పనిచేయాలి గదా!