పాట వేగం పెంచమని అడిగే ముందు



శనివారం ఉదయం మన గ్రౌండ్‌లో జరిగే కిక్‌బాక్సింగ్ ఫిట్‌నెస్ క్లాసుకు మీరూ, పిల్లలూ కలిసి వస్తున్నారు. చాలా సంతోషం. అయితే వాట్సాప్ గ్రూపులో వారం వారం ఒకటే మాట: "సార్, పాటల్లో ఊపు లేదు, ఇంకాస్త ఫాస్ట్‌గా పెట్టండి." పెట్టను. ఎందుకో చెబుతాను.

నిజానికి ఒకసారి పెట్టాను. మీ మాట కాదనలేక నిమిషానికి 150 బీట్లున్న రీమిక్స్ వేశాను. మొదటి ఐదు నిమిషాలు కేకలు, ఈలలు. ఆ తర్వాత చూస్తే, నడుము దాకా లేవాల్సిన కాళ్లు మోకాలి ఎత్తులోనే ఆగిపోతున్నాయి. ఎనిమిదో తరగతి పాప ఒకతె వెనక వరుసలోకి వెళ్లి నిలబడిపోయింది. ఏమ్మా అంటే "నాకు రాదు సార్" అంది. అంతకు ముందు వారం అదే కిక్ చక్కగా వేసిన పిల్ల. పాట ఎంచుకున్నది నేను, తప్పు నాది. రెండు శనివారాలు ఆ పాప క్లాసుకే రాలేదు.

లెక్క చూడండి. ఫ్రంట్ కిక్‌లో నాలుగు పనులున్నాయి: మోకాలు ఎత్తడం, కాలు చాచడం, మళ్లీ మడవడం, కింద పెట్టడం. ఒక్కో పనికి ఒక్కో బీట్. 125 బీట్ల పాటలో ఈ నాలుగింటికీ దాదాపు 2 సెకన్లు దొరుకుతాయి. 150 బీట్లయితే 1.6 సెకన్లే. అంత చిన్న తేడాకు ఏమవుతుందిలే అనిపిస్తుంది. కానీ టైమ్ చాలనప్పుడు మనం మొదట ఎగ్గొట్టేది మూడో పనినే. చాచిన కాలు చాచినట్టే దబ్బున నేల మీద పడుతుంది. రౌండ్‌హౌస్ కిక్‌లో ఇంకా ఇబ్బంది. నేల మీదున్న పాదం తిరగకుండా నడుము తిరిగితే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. పంచ్‌లూ అంతే. మన దగ్గర బ్యాగులు లేవు, గాలిలోకే గుద్దుతాం. తొందరలో మోచెయ్యి పూర్తిగా చాచుకుపోయి, ఒక్క కుదుపుతో ఆగుతుంది. ఎదిగే పిల్లలకూ, వారమంతా కుర్చీలో కూర్చుని వచ్చే నాన్నలకూ ఇది మంచిది కాదు. పొడుగు కాళ్లవాళ్లకైతే ఇంకా ఎక్కువ టైమ్ కావాలి.

"యూట్యూబ్‌లో 160 బీట్ల మిక్స్‌లు ఉన్నాయి కదా" అని ఒక అమ్మగారు అడిగారు. ఉన్నాయండీ. అవి పరుగుకు బాగుంటాయి. పరుగులో అడుగు పడి లేస్తే చాలు, ఒంటికాలి మీద నిలబడి ఇంకో కాలు తిప్పే పని లేదు.

అన్నట్టు, 'నాటు నాటు' ఎందుకు వేయరని పిల్లలందరి ఫిర్యాదు. ఆ పాట 6/8 తాళంలో నడుస్తుంది, మన తీన్మార్ కూడా దాదాపు అదే నడక. ప్రతి పెద్ద దెబ్బ లోపల మూడు చిన్న దెబ్బలుంటాయి. మన జాబ్, క్రాస్ రెండుగా, నాలుగుగా పోతాయి. కొత్తవాళ్లు ఏ దెబ్బ మీద గుద్దాలో తేల్చుకోలేక ఆగిపోతారు. డ్యాన్సుకు దాన్ని మించింది లేదు కాబట్టి క్లాసు అయ్యాక తప్పకుండా వేస్తాను.

ఇక చెమట సంగతి. కాలు పూర్తిగా ఎత్తి, పూర్తిగా మడిచి, ఆగకుండా 20 కిక్కులు వేసి చూడండి, 128 బీట్లకే ఆయాసం వస్తుంది. రాకపోతే నాతో చెప్పండి, పాటను కాదు, కిక్కుల సంఖ్యను పెంచుతాను.

నేను పాటించే లెక్క ఇది: వార్మప్‌కు 120 దగ్గర, పంచ్‌లకు, కిక్కులకు 125 నుంచి 135, కొత్తవాళ్లు చేరిన వారం 125 దాటను. పాట సరిపోయిందో లేదో వెనక వరుసను చూసి తేల్చుకుంటాను, ముందు వరుసను చూసి కాదు.

మీకు నచ్చిన పాటలు పంపండి, కాదనను. పంపే ముందు 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడుతున్నాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చించండి. 140 దాటితే పాట మార్చనక్కర్లేదు. ఫోన్‌లోని ప్లేయర్‌లో వేగం కాస్త తగ్గిస్తే సరిపోతుంది, గొంతు కూడా పెద్దగా మారదు. ఆ పాప మళ్లీ వస్తోంది. ఈ శనివారం మొదటి పాట తనే ఎంచుకుంది, 126 బీట్లు.