నాలుగు కొనలా, ఎనిమిదా?

దుప్పి ఒకటే. దాని కొమ్ముల జతయు ఒకటే. కొలరాడో కొండలలోని వేటకాడు దానిని చూచి "నాలుగు కొనలది" అనును. పెన్సిల్వేనియా వేటకాడు చూచి "ఎనిమిది కొనలది" అనును. ఇద్దరును అమెరికనులే, ఇద్దరును బడిలో ఒకే ఎక్కము నేర్చినవారే. పశ్చిమ రాష్ట్రములలో ఒక్క కొమ్మునకు గల కొనలను మాత్రమే చెప్పుట వాడుక. తూర్పు రాష్ట్రములలో రెండు కొమ్ముల కొనలను కూడి చెప్పుట వాడుక. కంటిపైని చిన్న కొనను చేర్చవలెనా, మానవలెనా యన్నది మరియొక తగవు. ఎవరి సీమలో వారి మాట సత్యమే. ఆ మాట పొలిమేర దాటినప్పుడే చిక్కు. దుప్పికి తెలియకయే దాని కొనలు సగమగును, లేదా రెట్టింపగును.

జర్మనుల పద్ధతి వేరు. ఒక కొమ్మునకు ఐదు, రెండవదానికి నాలుగు కొనలున్నచో వారు తొమ్మిది యనరు. ఎక్కువ యున్న వైపును రెట్టించి "బేసి పది" యందురు. లేని కొన యొకటి పేరులో చేరుచున్నది. అయినను "బేసి" యను విశేషణము ఆ సంగతిని దాచక చెప్పుచున్నది. ఈ నిజాయితీ నాకు నచ్చినది.

ఇక కొన యనదగినదేది? ఉంగరము తగిలించినప్పుడు జారిపడక నిలిచినచో అది కొనయే యని పాత వేటగాండ్ర పరీక్ష. 1887లో ఏర్పడిన బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు 1950లో తన కొలతల పద్ధతిని స్థిరపరచినది. ఆ క్లబ్బువారి లెక్కలో, అంగుళమైనను పొడవుండి, వెడల్పుకంటె పొడవు హెచ్చుగా నున్నదే కొన. ఎన్ని యని అడుగుటకు ముందు, "ఒకటి" యనగా ఏమో వారికి తేల్చుకొనక తప్పలేదు.

మన దేశమున వన్యప్రాణి సంరక్షణ చట్టము 1972లో వచ్చినది. వినోదపు వేటకు అనుమతి యిచ్చు పద్ధతియు 1991 సవరణముతో పోయినది. కనుక కొమ్ము కొనల లెక్క నేడు వేటకానిది కాదు, ప్రకృతిశాస్త్రము చదువు విద్యార్థిది. మన అడవులలోని చుక్కల దుప్పికి గాని, కణుజునకు గాని సామాన్యముగ ఒక్కొక్క కొమ్మునకు మూడు కొనలుండును. మూడనినను ఒప్పే, ఆరనినను ఒప్పే. మధ్యప్రదేశపు "బారాసింగా"కు మాత్రము లెక్కయే పేరైనది: పండ్రెండు కొమ్ములది. ఆ పేరు పెట్టినవాడు పెన్సిల్వేనియా పక్షమువాడే యనవలెను! 1970లో కాన్హా అడవిలో ఆ జాతి 66 తలలకు దిగజారినప్పుడు కొనల లెక్కను ఎవరు పట్టించుకొందురు?

నూజివీడు సీమలోని బాలురకు దుప్పి కొమ్ము దూరపు వస్తువు. మామిడికాయ అట్లు కాదు. కాయలను లెక్కించుటకు మన భాషలో "పుంజీ" యను చక్కని మాట యున్నది. పుంజీ యనగా నాలుగు. చేతికి రెండేసి కాయల చొప్పున ఎత్తి పోయువానికి ఇంతకంటె అనువైన లెక్క లేదు కాబోలు. వంగ, ఉత్కళ దేశములలో ఈ నాలుగునకే "గండా" యని పేరు. హిందీ పల్లెలలో ఐదింటికి "గాహీ" యందురు. ఇంగ్లండులో ఒకనాడు "పెద్ద నూరు" అనగా 120. ఫ్రెంచివారి నుండి ఇంగ్లీషువారికి, వారి నుండి మనకు వచ్చిన డజనును మనము బడిలో ఎక్కములతో పాటు నేర్పుచున్నాము. ఇంటిలోనిదైన పుంజీని పల్లెటూరి మాటయని విడిచిపెట్టితిమి. బాలుడు "మూడు పుంజీలు" అనినచో సరిదిద్దవలసిన పని లేదు. పండ్రెండు అని వాడు సరిగానే చెప్పినాడు.

అయితే ప్రాంతీయాచారమను పేరుతో ప్రతి లెక్కను కాపాడుమని నేననను. పుంజీ వేరు, కొసరు వేరు. నూరు కాయలు లెక్కపెట్టి, పైన ఇష్టముతో నాలుగు వేసినచో అది మర్యాద. అట్లు గాక, ఆ నాలుగును "నూరు" అను మాటలోనే ఇమిడ్చి, అదియే మా మార్కెట్టు నూరు అనినచో, అది జర్మనుల "బేసి పది" వంటిది కాదు. "బేసి" యను మాటను మ్రింగివేసిన పది. 1956 నాటి తూనికలు, కొలతల చట్టముతో వీశెయు మణుగును పోయినవి. 2009 చట్టము గణనము దశాంశ పద్ధతిలోనే జరుగవలెనని విధించినది. కాని వర్తకుని నోటిలోని "నూరు"ను ఏ ఇన్‌స్పెక్టరు తూచగలడు? దానిని అడుగవలసినది తోటవాని బిడ్డయే. అడుగుట వానికి బడిలో అలవడవలెను.

ఉపాధ్యాయులు కాయల కాలమునకు ముందు ఐదవ తరగతిలో ఈ లెక్క యిచ్చి చూడవచ్చును. తోటవాని వద్ద 1,000 కాయలున్నవి. వర్తకుడు 106 కాయలను "నూరు" అని పిలుచుచున్నాడు. తోటవానికి ఎన్ని నూర్ల ధర ముట్టును? తొమ్మిది నూర్లకు 954 కాయలు పోయి, 46 మిగులును. ఆ 46 కాయలకు ధరను ఏ నూరు ప్రకారము కట్టవలెనో బాలురనే తేల్చుమనవలెను.