గ్రీను కార్డు: వకీలు ఎవరి పక్షము?

అమెరికాలో స్థిరనివాసమునకు అనుమతినిచ్చు గ్రీను కార్డును గూర్చిన ముచ్చట నేడు మన పట్టణములలో ప్రతి వీధి యరుగు మీదను వినవచ్చుచున్నది. కొడుకో, కూతురో, మేనల్లుడో అచ్చట నున్న కుటుంబములు గుంటూరు, బెజవాడ, హైదరాబాదులలో కొల్లలు. పెండ్లిచీరకు నాలుగు దుకాణములు తిరుగు మనవారు, ఎకరము పొలము కొనుటకు ముప్పది యేండ్ల లింకు దస్తావేజులు వెదకించు మనవారు, బిడ్డ బ్రతుకంతయు నాధారపడియున్న యీ దరఖాస్తు విషయమున మాత్రము స్నేహితుని మాటను, దళారి భరోసాను నమ్మి సంతకములు చేయుచున్నారు. ఈ విపరీతమును గూర్చి నాలుగు మాటలు చెప్పుట మా విధియని తలంచుచున్నాము.

ముందుగా చట్టమెట్లున్నదో చూతము. గ్రీను కార్డునకు ముఖ్యమైన మార్గములు రెండు: బంధుత్వ మొకటి, ఉద్యోగ మొకటి. మన యువకులలో అధికసంఖ్యాకులు రెండవ మార్గమున పోవుచున్నారు. ఇందు మూడు మెట్లు కలవు. ఆ పనికి తగిన అమెరికను దొరకలేదని యజమాని కార్మికశాఖ యెదుట రుజువుచేసి ధ్రువపత్రము పొందుట మొదటిది. ఐ-140 అను అర్జీని యజమాని దాఖలుచేయుట రెండవది. వంతు వచ్చిన పిమ్మట ఉద్యోగి తన సొంత దరఖాస్తును పెట్టుకొనుట మూడవది. 1990 నాటి చట్టము ఉద్యోగమార్గమున ఏటా సుమారు 1,40,000 కార్డులను మాత్రమే నిర్ణయించి, ఏ యొక్క దేశమువారికిని సాధారణముగా నూటికి 7 వంతులకు మించి యీయరాదని హద్దు పెట్టినది. కోటిమంది జనము గల దేశమునకును, నూటనలుబది కోట్ల జనము గల మన దేశమునకును ఒకే కొలత! అందుచేత మనవారు వంతు కొరకు ఏండ్లు గాదు, దశాబ్దములు వేచియుండవలసి వచ్చుచున్నది. తండ్రి క్యూలో నుండగనే బిడ్డకు 21 యేండ్లు నిండి, ఆ బిడ్డ తండ్రి దరఖాస్తు నుండి జారిపోవు దుఃఖములు తరచుగా వినుచున్నాము. 2002లో చేసిన బాలల రక్షణచట్టము కొంత ఉపశమన మిచ్చినదే కాని, దాని లెక్క సామాన్యునకు తెగునది కాదు.

ఇట్టి చిక్కుదారిలో చేయూత నిచ్చువారెవరు? నేరము మోపబడిన పేదవానికి సర్కారు ఖర్చుతో న్యాయవాది నీయవలెనని 1963లో గిడియన్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. వలస వ్యవహారమునకు ఆ భాగ్యము లేదు. దేశబహిష్కారపు విచారణలో నైనను న్యాయవాదిని పెట్టుకొను హక్కు కలదు గాని, ‘ప్రభుత్వమునకు ఖర్చు లేకుండ’ అని చట్టమే షరతు పెట్టినది. అనగా తలుపు తెరచియే యున్నది. లోనికి పోవు బండికి మాత్రము బాడుగ మనమే ఇచ్చుకొనవలెను.

మనవారు తరచుగా పొరబడు స్థలము ఇచ్చటనే యున్నది. “కంపెనీ లాయరు అంతయు చూచుకొనుచున్నాడు” అని తండ్రికి వ్రాయు కుమారుడు, ఆ లాయరు ఎవరి పక్షమో ఎన్నడైన అడిగెనా? ఐ-140 అర్జీకి అర్జీదారు యజమాని. ఫీజు నిచ్చువాడు యజమాని. వకీలును ఎన్నుకొనువాడును యజమానియే. ఉభయులకును ఒకే న్యాయవాది పనిచేయుట అచ్చట వాడుక. ఉభయుల క్షేమ మొకటిగా నున్నంత కాలము చిక్కు లేదు. కాని ఉద్యోగము పోయిననాడో, మరియొక చోట మంచి కొలువు దొరకిననాడో ఆ క్షేమములు రెండుగా చీలును. ఉద్యోగము పోయినవానికి చట్టము సాధారణముగా ఇచ్చు గడువు గరిష్ఠము 60 దినములు. ఆ 60 దినములలో “నాకేది మేలు?” అని అడుగుటకు, యజమాని సొమ్ము తినుచున్న వకీలు తగినవాడు కాడు. అతనిని నిందించుట లేదు. ఒక వ్యాజ్యమున ఇరుపక్షములకును వకాలతు పట్టుట కష్టమని న్యాయస్థానపు మెట్లు ఎక్కిన ప్రతివానికిని తెలియును.

చట్టము ఇందుకు దారి చూపియేయున్నది. 2007 జూలై నుండి అమలులో నున్న నిబంధన ప్రకారము కార్మికశాఖ ధ్రువపత్రమునకగు వకీలు ఫీజును యజమానియే భరింపవలెను. దానిని ఉద్యోగి జీతమునుండి రాబట్టరాదు. అయినను ఉద్యోగి తన పక్షమున వేరొక న్యాయవాదిని సొంతఖర్చుతో పెట్టుకొనవచ్చునని ఆ నిబంధనయే చెప్పుచున్నది. ఈ మాట తెలిసినవారెందరు? ఫీజు మాకెట్లు వచ్చునని మనవారు ప్రశ్నింతురు. ప్రతి కాగితమునకును వకీలు నక్కరలేదు. నమూనాలు ప్రభుత్వమువారి వద్ద ఉచితముగా దొరకును. చిక్కులేని బంధుత్వపు దరఖాస్తును చదువుకొన్నవాడు తానే నింపుకొనవచ్చును. కాని ఉద్యోగము మారుటకు ముందు, బిడ్డ 21వ యేట అడుగిడుటకు ముందు, ఎన్నడైన పోలీసు కేసు నమోదై యున్నచో దరఖాస్తుపై సంతకము చేయుటకు ముందు ఒక గంట సలహాకు వెచ్చించిన సొమ్ము వృథా కానేరదు. ఐ-140 నకలు, ప్రాధాన్యపు తేదీ, రసీదు సంఖ్య — ఈ మూడును ఉద్యోగి చేతిలో నుండవలెను. యజమాని నకలు ఇయ్యనిచో సమాచార స్వాతంత్ర్య చట్టము క్రింద ప్రభుత్వమునే అడిగి పొందవచ్చును.

ఇక దళారుల సంగతి. వలసశాఖ యెదుట ఇతరుల పక్షమున నిలుచుటకు అధికారము ముఖ్యముగా ఇద్దరికే: ఏదో యొక రాష్ట్రమున సన్నదు పొందిన న్యాయవాదికి, న్యాయశాఖ గుర్తించిన ధర్మసంస్థలలో పనిచేయు అనుమతి గల ప్రతినిధికి. వలస చట్టము కేంద్రప్రభుత్వపు చట్టము గనుక ఏ రాష్ట్రపు సన్నదైనను చెల్లును. నోటరీకి ఈ యధికారము లేదు. ‘కన్సల్టెంటు’ అను బోర్డు కట్టినవానికి అసలే లేదు. న్యాయవాది మీ పక్షమున నిలుచుటకు జి-28 అను పత్రముపై సంతకము చేయవలెను. “నా పేరు కాగితము మీద ఎందుకు, పని జరుగును గదా” యనువానికి ఆ క్షణముననే నమస్కారము పెట్టి వెలుపలికి రండు. మావంటి ఇచ్చటి వకీళ్లకును అచ్చటి దరఖాస్తును నడపు అధికారము లేదని స్పష్టముగా చెప్పుచున్నాము.

దళారి సలహా ఎంతటి చేటు తెచ్చునో మన తెలుగు విద్యార్థులు చూచియే యున్నారు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయము మూతపడగా, మన బిడ్డలలో కొందరి కాళ్లకు నిఘా పట్టీలు తగిలించిరి. 2019లో మిషిగను రాష్ట్రపు ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయము అమెరికా అధికారులే పన్నిన వలయని బయటపడెను. విద్యార్థులను చేర్చిన 8 మంది దళారులపై నేరము మోపబడెను, చేరిన విద్యార్థులలో అనేకులు నిర్బంధింపబడిరి. అప్పుడు తెలుగు సంఘములు ముందునకు వచ్చి న్యాయవాదుల సాయము కూర్చిన మాట వాస్తవము, ప్రశంసనీయము. కాని ఇల్లు అంటుకొన్న పిమ్మట నుయ్యి త్రవ్వుట ఎంతకాలము?

వృద్ధులైన తల్లిదండ్రుల మాటయు చెప్పవలసియున్నది. కార్డు పొంది స్వదేశమున ఎక్కువ కాలము నిలిచి మరల పోవు ముసలివారిని విమానాశ్రయమున ప్రశ్నించి, ఐ-407 అను కాగితముపై సంతకము చేయుమని అడుగుట కలదు. అది స్వచ్ఛందముగా కార్డును వదలుకొను పత్రము. సంతకము చేయుటకు నిరాకరించి, వలస న్యాయాధికారి యెదుట విచారణ కోరు హక్కు వారికి కలదు. భాష రాక, భయపడి వ్రేలు పెట్టిన ఆ తల్లికి ఈ యొక్క వాక్యము ముందుగా చెప్పియుండిన చాలును గదా!

న్యాయసహాయపు బలమునకు చరిత్రయే సాక్షి. 1923 ఫిబ్రవరి 19న భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు చట్టము చెప్పు ‘శ్వేతజాతీయులు’ కారనియు, పౌరసత్వమునకు తగరనియు తీర్పు చెప్పెను. థిండ్ పక్షమున పనిచేసిన న్యాయవాదులలో సఖారాం గణేశ్ పండిత్ ఒకడు. 1914లో తాను పొందిన పౌరసత్వమును సైతము లాగికొనుటకు ప్రభుత్వము వ్యాజ్యము వేయగా, ఆయన వెనుదీయక పోరాడి 1926లో అప్పీలు కోర్టున గెలిచెను. 1927లో సుప్రీంకోర్టు జోక్యము చేసికొన నిరాకరించెను. ఆ పిమ్మట ప్రభుత్వము మనవారిపై అట్టి వ్యాజ్యములను విడిచిపెట్టెను. జాతిభేదపు శాసనము 1946 వరకును మారలేదు. అయినను చట్టమెరిగిన యొక్క మనుజుడు ఎందరికో గొడుగయ్యెను.

“దేశము విడిచి పోయినవారి కష్టము మనకేల?” యని కొందరు దేశభక్తులు ప్రశ్నింతురు. పరదేశమున మన సోదరుడు అవమానము పొందిన అది మన యవమానమేయని దక్షిణాఫ్రికా సంగ్రామ కాలమునుండి మన జాతి నమ్మియున్నది. పోయినవాడు పరాయివాడు కాడు.

కావున మా సూచనలు రెండు. అమెరికాలోని తెలుగు సంఘములు తమ మహాసభల వ్యయములో కొంత భాగమును శాశ్వత న్యాయసహాయ నిధికి కేటాయించి, న్యాయశాఖ గుర్తింపు గల ప్రతినిధులను తమ సభ్యులనుండియే తయారుచేయవలెను. ఇచ్చట మన న్యాయవాద సంఘములు, పఠనమందిరములు వారమున కొక సాయంకాలము కాగితముల సహాయమునకు కేటాయింపవలెను. పల్లెలో పుట్టి జననము నమోదుకాని వానికి ‘నమోదు లేదు’ అను ధ్రువపత్రము, బంధువుల ప్రమాణపత్రములు కావలెను. ఇంటిపేరు ముందొక చోట, వెనుకనొక చోట పడినవానికి, బడిలో నొక పుట్టినతేదీ, పాస్‌పోర్టులో నొక తేదీ గలవానికి సవరణ కావలెను. ఇది మన చేతిలోని పని. దీనికి వాషింగ్టను అనుమతి నక్కరలేదు. కార్డు నిచ్చుట, మానుట ఆ దేశపు అధికారము. తెలియక ఒక్క తెలుగుబిడ్డయు తన హక్కును పోగొట్టుకొనకుండ జూచుట మన బాధ్యత.