ఇస్త్రీ చొక్కా

మా పల్లె నుంచి దర్శికి రెండు మైళ్ళు, ఊరిబజారు మీదుగానే దారి. సైకిలెక్కి పనికి పోయేవాడు ఎండనీ దుమ్మునీ చూసి చొక్కా తొడుక్కుంటాడు. నేను అరుగుమీది కళ్ళను చూసి తొడుక్కోవాలంట! ఇస్త్రీ చొక్కా కనబడితే చాలు, "ఏరా పెళ్ళికొడకా, దిగి నడువు" అని కేక.

"పాతది తొడుక్కో నాయనా, మంచిది సంచిలో పెట్టుకుపోయి ఆడ మార్చుకో" అని మా అమ్మ బతిమాలుద్ది. ఆమె భయం ఉత్తది కాదు. 1985లో కారంచేడు, 1991లో చుండూరు ఈ గడ్డమీదే రక్తం కారాయి.

అయ్యా, ఆ చొక్కాకు పత్తి తీసిందెవరు? నడుం వంగిపోయిన మా అమ్మ. తీసినోళ్ళకు మాసిన బట్ట, కూచున్నోళ్ళకు మల్లెపువ్వులాంటి బట్టా? కట్టుబట్టలో అంటరానితనం గుర్తులు వదిలెయ్యమని 1927లోనే మహద్‌లో మా ఆడోళ్ళకు చెప్పాడు అంబేడ్కర్.

సంచిలో దాచను. తొడుక్కునే తొక్కుతా.